తనవారి కోసం, అందరి కోసం: రబ్బీ స్టీఫెన్ వైజ్ జీవితకథ

పిల్లలకు మహనీయుల జీవితాలు పరిచయం చేయాలనుకున్నప్పుడు మనం ముందుగా మన తెలుగు పెద్దలనే తలచుకుంటాం. అది సహజం, అవసరం కూడా. ఈసారి మేము ఎంచుకున్న వ్యక్తి మాత్రం తెలుగువారు కారు, భారతీయులు కూడా కారు. న్యూయార్కులో పెరిగి, అక్కడే పనిచేసి, అక్కడే కన్నుమూసిన ఒక యూదు మతగురువు. పేరు స్టీఫెన్ వైజ్. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, యూరపులో యూదులను లక్షల సంఖ్యలో చంపుతున్నారన్న సంగతిని అమెరికా పత్రికల వారిని పిలిచి చెప్పినది ఆయనే.

ఈయనే ఎందుకంటే, ఆయనా మనలాగే వలస వచ్చిన కుటుంబంలోని బిడ్డ. సముద్రానికి అవతల తనవాళ్ళు ఆపదలో ఉంటే, ఇవతల క్షేమంగా ఉన్న మనిషి ఏం చేయాలి? ఎంత గట్టిగా మాట్లాడాలి? ఎవరిని నమ్మాలి? ఈ ప్రశ్నలు ఆయనను జీవితమంతా వెంటాడాయి. వాటికి ఆయన ఇచ్చుకున్న జవాబులన్నీ సరైనవేనా అని చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అందువల్ల ఇది వట్టి పొగడ్తల కథ కాదు. పిల్లలు చదివి, పెద్దలతో కూర్చుని మాట్లాడుకోవలసిన కథ.

బుడాపెస్టు నుంచి న్యూయార్కుకు

స్టీఫెన్ వైజ్ 1874 మార్చి 17న హంగరీ దేశంలోని బుడాపెస్టు నగరంలో పుట్టారు. తండ్రి ఆరన్ వైజ్ రబ్బీ. రబ్బీ అంటే యూదుల మతగురువు. ధర్మశాస్త్రం చదువుకుని, ప్రార్థనలు నడిపించి, కష్టసుఖాల్లో జనానికి సలహా చెప్పే పెద్ద. తాతగారు కూడా రబ్బీయే. తల్లి వైపు వారు హంగరీలో పేరుపొందిన హెరెండ్ పింగాణీ పాత్రల కర్మాగారం నడిపిన కుటుంబం.

తండ్రి ముందుగా అమెరికా వచ్చారు. ఇక్కడ నిలదొక్కుకున్నాక 1875లో భార్యాబిడ్డలను పిలిపించుకున్నారు. మనలో ఎన్ని కుటుంబాలు ఇలాగే వచ్చాయో వేరే చెప్పనక్కరలేదు. ఓడ దిగేనాటికి స్టీఫెన్ ఏడాదిన్నర పసివాడు. బుడాపెస్టు ఆయనకు గుర్తు ఉండే అవకాశమే లేదు. అయినా ఆ ఊరు ఈ కథలో చివరికి మళ్ళీ వస్తుంది.

స్టీఫెన్ న్యూయార్కులో చదువుకున్నారు. 18 ఏళ్ళకే, 1892లో, కొలంబియా కాలేజీ నుంచి పట్టా అందుకున్నారు. మరుసటి సంవత్సరం యూరపు వెళ్ళి వియన్నాలో రబ్బీగా దీక్ష పొంది, తిరిగి వచ్చి న్యూయార్కులో ఒక పాత ప్రార్థనా మందిరంలో చేరారు. 1898లో స్విట్జర్లాండులోని బాజిల్ నగరంలో జరిగిన జియోనిస్టు మహాసభకు వెళ్ళారు. యూదులకు పాలస్తీనాలో సొంత నివాసం ఉండాలని కోరే ఉద్యమం అది. అప్పటి నుంచి చనిపోయే వరకు ఆయన ఆ ఉద్యమంలో ఉన్నారు.

1900లో లూయీ వాటర్‌మన్ అనే చిత్రకారిణిని పెళ్ళి చేసుకున్నారు. అదే సంవత్సరం దేశానికి ఆ చివరన ఉన్న ఆరెగన్ రాష్ట్రానికి, పోర్ట్‌లాండ్ నగరానికి వెళ్ళారు. అక్కడ ఉన్న 6 ఏళ్ళలో గుడి పనితో సరిపెట్టుకోలేదు. చిన్నపిల్లల చేత కర్మాగారాల్లో చాకిరీ చేయించడాన్ని ఆపే చట్టం కోసం పనిచేశారు. ఆ చట్టాన్ని అమలు చేసే సంఘంలో సభ్యులుగా కూడా ఉన్నారు.

కట్టుబాట్లు లేని వేదిక

1905 చివరలో న్యూయార్కులో అన్నిటికన్నా సంపన్నమైన యూదు మందిరం, టెంపుల్ ఎమాన్యుయెల్, ఆయనను పిలిచింది. ఆ వయసు రబ్బీకి అంతకన్నా పెద్ద అవకాశం ఉండదు. కానీ ఒక షరతు ఎదురైంది. వేదిక మీద గురువు ఏం మాట్లాడాలన్నది చివరికి ధర్మకర్తల అదుపులో ఉంటుందని పెద్దలు తేల్చి చెప్పారు. వైజ్ ఆ కొలువును కాదన్నారు. కాదనడమే కాదు, ఎందుకు కాదన్నారో అందరికీ తెలిసేలా బహిరంగ లేఖ రాశారు.

1907లో తానే ఒక కొత్త మందిరం స్థాపించారు. దాని పేరు ఫ్రీ సినగాగ్. అక్కడ కూర్చోవడానికి రుసుము లేదు. డబ్బున్నవాడికి ముందు వరస, లేనివాడికి వెనక వరస అనే తేడా లేదు. గురువు నోటికి తాళం లేదు. జనం పెరిగేసరికి ఆదివారం సభలు 1910 నుంచి కార్నెగీ హాలులో జరిగాయి. ఆ మందిరం ఈనాటికీ న్యూయార్కు 68వ వీధిలో ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఆ వేదిక మీద నుంచి ఆయన యూదుల విషయాలు మాత్రమే మాట్లాడలేదు. 1909లో నల్లజాతి వారి హక్కుల కోసం ఎన్.ఏ.ఏ.సి.పి. సంస్థకు నాంది పలికిన పిలుపు మీద సుమారు 60 మంది సంతకం చేశారు. వారిలో ఆయన ఒకరు. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ బట్టల కర్మాగారం తగలబడి 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వలస వచ్చిన ఆడపిల్లలు. తలుపుకు తాళం వేసి ఉండడం వల్ల బయటికి రాలేకపోయారు. ఆ తర్వాత జరిగిన పెద్ద సభలో వైజ్ మాట్లాడారు. వట్టి సంతాపంతో, చందాలతో సరిపోదు, భద్రతకు చట్టం కావాలన్నది ఆయన వాదన. 1919లో ఉక్కు కార్మికులు సమ్మె చేసినప్పుడు కంపెనీ యజమానులను తప్పుపట్టారు. దానితో కొందరు ధనికులు ఆయన మందిరానికి దూరమయ్యారు, సొంత భవనం కట్టుకోవాలన్న ఆలోచన వెనకబడింది. అయినా ఆయన మాట మార్చుకోలేదు.

ఈ పనులన్నిటిలో ఆయనకు తోడు జాన్ హేన్స్ హోమ్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు. పిల్లలూ, ఈ పేరు మనం గుర్తుంచుకోవాలి. 1921లో, గాంధీజీ పేరు అమెరికాలో చాలామందికి తెలియని రోజుల్లో, ప్రపంచంలో జీవించి ఉన్నవారిలో అందరికన్నా గొప్పవాడు గాంధీయేనని న్యూయార్కులో ఉపన్యసించినది ఈ హోమ్స్ గారే. ఒక రబ్బీ, ఒక క్రైస్తవ ఆచార్యుడు కలిసి నల్లజాతి వారి కోసం నిలబడడం, వారిలో ఒకరు మన గాంధీజీని ఇక్కడివారికి పరిచయం చేయడం చూస్తే, మంచి పనులన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయనిపిస్తుంది.

యూదు ద్వేషం ఎలాంటిది?

ముందుకు వెళ్ళే ముందు ఒక మాట. యూరపులో యూదులు వందల ఏళ్ళుగా తక్కువ సంఖ్యలో, చెల్లాచెదురుగా బతికారు. అనేక చోట్ల వారికి భూమి కొనే హక్కు, నచ్చిన వృత్తి చేసే హక్కు ఉండేవి కావు. ఊళ్ళో జబ్బు వచ్చినా, పంట పోయినా, యుద్ధంలో ఓడినా నెపం వాళ్ళ మీదకు పోయేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీలో హిట్లర్ నాజీ పార్టీ ఈ పాత ద్వేషాన్నే కొత్తగా రాజేసింది. దేశానికి వచ్చిన ప్రతి కష్టానికీ యూదులే కారణమని రోజూ చెప్పింది. రోజూ చెబితే అబద్ధం కూడా నిజమై కూర్చుంటుంది.

అమెరికాలో కూడా ఈ గాలి వీచింది. 1920లలో కారుల తయారీదారు హెన్రీ ఫోర్డ్ సొంత పత్రిక యూదుల మీద విషం చిమ్మింది. 1930లలో ఫాదర్ కాఫ్లిన్ అనే మతగురువు లక్షల మంది వినే రేడియో ప్రసంగాల్లో అదే పని చేశాడు. కాబట్టి వైజ్ మాట్లాడింది తనకు అనుకూలమైన వాతావరణంలో కాదని గుర్తుంచుకోవాలి.

1933: మాట్లాడాలా, ఊరుకోవాలా?

1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ ప్రధాని అయ్యాడు. వారాల్లోనే యూదులను వీధుల్లో కొట్టడం, ఉద్యోగాల నుంచి తరిమేయడం మొదలైంది. అమెరికాలో యూదు కాంగ్రెసు అనే సంస్థకు వైజ్ నాయకులు. మార్చి 27న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పెద్ద నిరసన సభ పెట్టాలని నిశ్చయించారు.

వెంటనే నాలుగు వైపుల నుంచి ఒత్తిడి. పరిస్థితి సర్దుకుంటోందని, శాంతంగా ఉండమని అమెరికా విదేశాంగ శాఖ సూచించింది. గోల చేస్తే అక్కడున్నవారికి ఇంకా కీడు జరుగుతుందని ఇక్కడి యూదు పెద్దలే కొందరు భయపడ్డారు. బెర్లిన్‌లో నాజీ మంత్రి గోరింగ్ అక్కడి యూదు నాయకులను పిలిపించి, విదేశాల్లో సభలు ఆపించమని హెచ్చరించాడు. ఆపమంటూ జర్మనీ యూదుల నుంచే సందేశాలు వచ్చాయి. అవి మనస్ఫూర్తిగా వచ్చినవా, మెడ మీద కత్తి పెట్టి పంపించినవా? ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే. వైజ్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్రాండైస్‌ను సలహా అడిగారు. వెనక్కి తగ్గవద్దన్నది బ్రాండైస్ సలహా.

సభ జరిగింది. లోపల సుమారు 20 వేల మంది, చోటు చాలక బయట వీధుల్లో వేలమంది. మాట్లాడినవారిలో న్యూయార్కు మాజీ గవర్నరు ఆల్ స్మిత్, సెనేటరు రాబర్ట్ వాగ్నర్, క్రైస్తవ బిషప్ మానింగ్ ఉన్నారు. ఇది యూదుల గొడవ మాత్రమే కాదని చూపించడానికే వైజ్ వారందరినీ పిలిచారు. ఏప్రిల్ 1న నాజీలు యూదుల దుకాణాలను బహిష్కరించారు. విదేశాల్లో జరిగిన నిరసనలకు అది జవాబన్నారు. అది చూపి, చూశారా, మీ సభ వల్లే ఇదంతా అన్నవారు ఉన్నారు. కానీ ఆ తర్వాత జరిగినదంతా తెలిసిన మనకు, అక్కడి ద్వేషం ఇక్కడి సభల వల్ల పుట్టినది కాదని స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక ఊళ్ళో, ఒక దేశంలో అరిస్తే చాలదని వైజ్ గ్రహించారు. నహుమ్ గోల్డ్‌మన్ వంటి వారితో కలిసి 1936 ఆగస్టులో స్విట్జర్లాండులోని జెనీవాలో ప్రపంచ యూదు కాంగ్రెసును స్థాపించారు. 32 దేశాల నుంచి ప్రతినిధులు వచ్చారు. ఏ దేశంలో యూదుల మీద దాడి జరిగినా అన్ని దేశాల్లో ఒకేసారి గొంతు ఎత్తాలన్నది దాని ఉద్దేశం. జెనీవాలో పెట్టిన ఆ చిన్న కార్యాలయమే కొన్నేళ్ళ తర్వాత చరిత్రలో నిలిచిపోయే పని చేసింది.

మూసిన తలుపులు

జర్మనీ నుంచి పారిపోవాలనుకున్నవారు అమెరికా ఎందుకు రాలేదు అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. 1924లో అమెరికా ఒక వలస చట్టం చేసింది. ఒక్కొక్క దేశం నుంచి ఏటా ఇంతమందే రావాలని లెక్క కట్టింది. 1938లో జర్మనీ, ఆస్ట్రియా రెండింటికీ కలిపి ఆ లెక్క 27,370. మరుసటి ఏడాది వేసవికి ఆ వరసలో వేచి ఉన్నవారు 3 లక్షలకు పైగా.

ఆ చట్టం మనవారికీ తగిలింది. తూర్పు, దక్షిణ యూరపు వారికి తలుపు సగం మూసిన ఆ చట్టమే, ఆసియా వారికి దాదాపు పూర్తిగా మూసేసింది. 1920లలో చదువు కోసం బోస్టన్ వచ్చిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇక్కడ అన్ని పరిశోధనలు చేసినా, 1946 వరకు ఆయనకు ఈ దేశపు పౌరసత్వం కోరే హక్కు లేదు. 1924 చట్టాన్ని మొదటి రోజు నుంచీ వ్యతిరేకించినవారిలో ఒకరు బ్రూక్లిన్‌కు చెందిన యూదు కాంగ్రెసు సభ్యుడు ఇమాన్యుయెల్ సెల్లర్. 1946లో భారతీయులకు ఏటా 100 మందికి చోటు, పౌరసత్వ హక్కు ఇచ్చిన చట్టం మీద ఆయన పేరు ఉంది. దేశాలవారీ వాటాలను రద్దు చేసిన 1965 చట్టం మీదా ఆయన పేరు ఉంది. మనలో చాలామంది ఇక్కడ ఉండడానికి కారణం ఆ రెండో చట్టమే. ఒక జాతి మీద మూసిన తలుపును తెరవడానికి పోరాడినవారే మన తలుపూ తెరిచారు.

1939లో 20 వేల మంది జర్మనీ పిల్లలను వాటాతో సంబంధం లేకుండా రానివ్వాలని సెనేటరు వాగ్నర్ ఒక బిల్లు పెట్టారు. దాని కోసం పనిచేసినవారిలో వైజ్ కూతురు జస్టిన్ ఉన్నారు. ఆమె అప్పటికే న్యూయార్కులో కుటుంబ న్యాయస్థానం జడ్జి. ఆ బిల్లు కాంగ్రెసు గడప దాటలేదు. అదే ఏడాది ఫిబ్రవరి 20న, వైజ్ నిరసన సభ జరిపిన ఆ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే, అమెరికాలోని నాజీ అభిమానులు 20 వేల మందితో సభ జరుపుకున్నారు.

జెనీవా నుంచి తంతి

ఇప్పుడు కథలో ముఖ్యమైన ఘట్టం. 1942 వేసవి. యుద్ధం జోరుగా సాగుతోంది. ఎడ్వార్డ్ షుల్టే అనే జర్మన్ పారిశ్రామికవేత్త ప్రాణాలకు తెగించి స్విట్జర్లాండు వచ్చి ఒక రహస్యం చెప్పాడు. హిట్లర్ అధీనంలో ఉన్న దేశాల యూదులందరినీ తూర్పుకు తరలించి చంపేసే పథకం ఉందని, అందుకు విషవాయువు వాడాలని చూస్తున్నారని దాని సారాంశం. ఆ మాట చేతులు మారి, ప్రపంచ యూదు కాంగ్రెసు జెనీవా కార్యాలయంలో ఉన్న గెర్హార్ట్ రీగ్నర్‌కు చేరింది. అతనికి ముప్ఫై ఏళ్ళు. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు న్యాయవాది.

ఆగస్టు 8న రీగ్నర్ జెనీవాలోని అమెరికా, బ్రిటన్ కాన్సలేట్లకు వెళ్ళి తంతి పంపమని కోరాడు. ఒకటి న్యూయార్కులో వైజ్‌కు, ఒకటి లండన్‌లో పార్లమెంటు సభ్యుడు సిడ్నీ సిల్వర్‌మన్‌కు. వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ ఆ తంతిని చదివి, యుద్ధకాలపు పుకారుగా భావించి, వైజ్‌కు ఇవ్వకుండా ఉంచేసింది. కానీ లండన్‌లో సిల్వర్‌మన్‌కు అందింది. ఆయన మామూలు తంతిలో దాన్ని వైజ్‌కు పంపారు. అలా ఆగస్టు చివరలో, మూడు వారాలు ఆలస్యంగా, వార్త వైజ్ చేతికి వచ్చింది.

సెప్టెంబరు మొదట్లో ఆయన విదేశాంగ శాఖలో పెద్ద అధికారి సమ్నర్ వెల్స్‌కు ఈ సంగతి చెప్పారు. తాము నిర్ధారించుకునే వరకు పత్రికలకు చెప్పవద్దని వెల్స్ కోరారు. వైజ్ ఒప్పుకున్నారు.

పిల్లలూ, పెద్దలూ, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. 1933లో ఎవరు ఆపమన్నా ఆగని మనిషి 1942లో ఎందుకు ఆగారు? కొన్ని కారణాలు ఊహించవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల ఘోరాల గురించి పత్రికల్లో వచ్చిన కథలు కొన్ని తర్వాత అబద్ధాలని తేలాయి. ఈసారీ అలాంటిదే అనుకుంటే ఇక ఎవరూ నమ్మరు. పైగా దేశం యుద్ధంలో ఉంది. ప్రభుత్వం నమ్మకం పోగొట్టుకుంటే సాయం అడిగే దారి కూడా పోతుంది. అధ్యక్షుడు రూజ్వెల్ట్ మీద వైజ్‌కు గురి ఉంది. మరోవైపు, ఆ వేసవిలోనే వార్సా నుంచి రెండున్నర లక్షలకు పైగా యూదులను రైళ్ళలో ట్రెబ్లింకా అనే చోటికి తీసుకుపోయి చంపారు. ఆ వారాల్లో ఆయన కుంగిపోయి, మిత్రుడు హోమ్స్‌కు ఉత్తరం రాసి తన గుండె బరువు దించుకున్నారు. ఇతర యూదు సంస్థల పెద్దలకు, ప్రభుత్వంలో తనకు తెలిసినవారికి సంగతి చెప్పారు. బహిరంగంగా మాత్రం పెదవి విప్పలేదు.

నవంబరు 24న వెల్స్ ఆయనను వాషింగ్టన్‌కు పిలిచి, వార్త నిజమేనని చెప్పారు. ఆ సాయంత్రమే వైజ్ పత్రికల వారిని పిలిచారు. అప్పటికే 20 లక్షల మంది యూదులను చంపారని ప్రకటించారు. మరునాడు చాలా పత్రికలు ఆ వార్తను లోపలి పేజీల్లో వేశాయి. అంతటి వార్త లోపలి పేజీల్లో! డిసెంబరు 2న యూదులు ఉపవాసంతో సంతాపదినం పాటించారు. న్యూయార్కులో లక్షల మంది కార్మికులు పది నిమిషాలు పని ఆపారు. డిసెంబరు 8న వైజ్, మరికొందరు పెద్దలు అధ్యక్షుడిని కలిసి వివరాల పత్రం ఇచ్చారు. డిసెంబరు 17న అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ సహా మిత్రరాజ్యాలు ఆ హత్యాకాండను ఖండిస్తూ ఉమ్మడి ప్రకటన చేశాయి. నేరస్థులను శిక్షిస్తామన్నాయి. ఒక యువకుడు పంపిన తంతి, దాన్ని పట్టుకుని గడపగడపకూ తిరిగిన ఒక ముసలి రబ్బీ లేకపోతే ఆ ప్రకటన ఇంకెంత ఆలస్యమయ్యేదో.

చేతులు కాలాక

ఖండించడం వేరు, కాపాడడం వేరు. 1943 మార్చి 1న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వైజ్ ఆధ్వర్యంలో మరో మహాసభ జరిగి, ఏం చేయాలో పట్టిక కట్టి ఇచ్చింది. ఏప్రిల్‌లో అమెరికా, బ్రిటన్ అధికారులు బెర్ముడా దీవిలో సమావేశమై, చెప్పుకోదగ్గ పనేమీ చేయకుండా లేచిపోయారు.

రీగ్నర్ మరో పథకం పంపాడు. రుమేనియాలో, ఫ్రాన్సులో ఉన్న యూదులను కాపాడడానికి డబ్బు పంపాలి, ఆ డబ్బు నాజీల చేతికి పోకుండా ఏర్పాటు ఉంటుంది. శత్రుదేశాలకు డబ్బు పంపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. జూలై 22న వైజ్ స్వయంగా రూజ్వెల్ట్‌ను కలిసి అడిగారు, ఆయన సరేనన్నారు. ఆ కాగితం మాత్రం కార్యాలయాల్లో నలిగి డిసెంబరుకు గానీ బయటికి రాలేదు. ఎందుకు ఆలస్యమైందని ఖజానా శాఖలోని యువ ఉద్యోగులు కూపీ లాగితే ఇంకో నిజం బయటపడింది. స్విట్జర్లాండు నుంచి ఇలాంటి సందేశాలు ఇకమీదట పంపవద్దని ఆ ఫిబ్రవరిలో విదేశాంగ శాఖ తన రాయబార కార్యాలయానికి చెప్పింది! ఆ ఉద్యోగులు యూదులు కారు. కోపంతో తమ మంత్రి హెన్రీ మోర్గెంతావ్‌కు నివేదిక రాశారు. ఆయన దాన్ని అధ్యక్షుడి దగ్గరకు తీసుకుపోయారు. 1944 జనవరి 22న యుద్ధ శరణార్థుల బోర్డు ఏర్పడింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే, కానీ ఆ ఆకులు కూడా పదుల వేల ప్రాణాలు నిలిపాయి.

ఆ ఏడాది మే 15 నుంచి 8 వారాల్లో హంగరీ నుంచి 4 లక్షల 30 వేలకు పైగా యూదులను తరలించారు. ఎక్కువమంది ఔష్విట్జ్‌లో చనిపోయారు. బుడాపెస్టు వారి వంతు రాబోతున్న సమయంలో, జూలైలో, రౌల్ వాలెన్‌బర్గ్ అనే స్వీడన్ యువకుడు ఆ బోర్డు అండతో అక్కడికి వెళ్ళాడు. స్వీడన్ రక్షణ పత్రాలు ఇచ్చి, ఇళ్ళు అద్దెకు తీసుకుని వేలమందిని కాపాడాడు. స్టీఫెన్ వైజ్ పుట్టిన ఊరు అదే కదా. ఆయన తల్లిదండ్రులు 1875లో ఓడ ఎక్కకపోయి ఉంటే ఆ కుటుంబం కూడా అక్కడే ఉండేది.

విమర్శలు

వైజ్ మూడు నెలలు మౌనంగా ఉండడం తప్పని, రూజ్వెల్ట్‌ను మరీ నమ్మారని విమర్శించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పీటర్ బెర్గ్‌సన్ పేరుతో పనిచేసిన హిల్లెల్ కుక్, అతని మిత్రులు పత్రికల్లో పెద్ద ప్రకటనలు వేసి, నాటకాలు ఆడించి ప్రభుత్వాన్ని బహిరంగంగా నిలదీశారు. 1943 అక్టోబరు 6న వారి పిలుపు మీద సుమారు 400 మంది రబ్బీలు వాషింగ్టన్ వీధుల్లో నడిచారు. వైజ్ వారితో కలవలేదు సరికదా, వారి పద్ధతిని తప్పుపట్టారు. శరణార్థుల బోర్డు రావడంలో ఆ గుంపు పెంచిన ఒత్తిడికి కూడా పాత్ర ఉందని చాలామంది చరిత్రకారులు అంటారు. అందరూ ఒక్క తాటి మీద ఉంటే ఇంకా ముందే ఏమైనా జరిగేదేమో.

వైజ్ పక్షాన మాట్లాడేవారు మరోటి గుర్తుచేస్తారు. ఆయన చేతిలో సైన్యం లేదు, వీసాలు లేవు. తన మతం వారిని చాలామంది అనుమానంగా చూసే దేశంలో, అధ్యక్షుడి తలుపు తట్టగలగడమే ఆయనకు ఉన్న ఏకైక బలం. దాన్ని పోగొట్టుకోలేకపోయారు. మాకు ఈ రెండు మాటల్లోనూ నిజం కనిపిస్తుంది. అసలు నేరం చంపినవారిది. ఆలస్యం, తలుపు తీయగలిగి తీయనివారిది. ఆ తర్వాతే తట్టినవాడు ఇంకా గట్టిగా తట్టాల్సిందా అన్న ప్రశ్న.

చివరి రోజులు

యుద్ధం ముగిసేనాటికి 60 లక్షల మంది యూదులు హతమయ్యారు. వైజ్ తన ఆరోగ్యం లెక్కచేయకుండా బతికి బయటపడినవారి కోసం తిరిగారు. 1947 డిసెంబరులో భార్య లూయీ చనిపోయారు. ఆమె 1916లోనే అనాథ యూదు పిల్లలకు ఇళ్ళు వెతికే సంస్థను పెట్టిన గొప్ప మనిషి. 1948 మేలో ఇజ్రాయెల్ ఏర్పడడం వైజ్ చూశారు. 1949 మార్చిలో 75 ఏళ్ళు నిండాయి. సుమారు నెల తర్వాత, ఏప్రిల్ 19న, న్యూయార్కులో కన్నుమూశారు. ఆయన ఆత్మకథ అదే సంవత్సరం వెలువడింది. కూతురు జస్టిన్ 1973 వరకు జడ్జిగా ఉండి పేదపిల్లల పక్షాన నిలిచారు.

మనం ఏం నేర్చుకుందాం?

ద్వేషం ఒక్కరితో ఆగదు. 2012లో విస్కాన్సిన్ రాష్ట్రం ఓక్ క్రీక్‌లో గురుద్వారాలో ప్రార్థనకు వచ్చినవారిని కాల్చి చంపారు. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఓలేథాలో మన తెలుగు ఇంజనీరు ఒకరిని, నీ దేశానికి నువ్వు పో అన్న ధోరణిలో అరిచి కాల్చి చంపాడు ఒక దుండగుడు. 2018లో పిట్స్‌బర్గ్‌లో యూదుల ప్రార్థనా మందిరంలో 11 మందిని చంపారు. గుడి పేరు మారింది, ఊరు మారింది, ద్వేషం ఒక్కటే. ఓలేథాలో ఆ దుండగుడిని ఆపబోయి తుపాకి దెబ్బ తిన్నది మన భాష, మన మతం తెలియని ఒక అమెరికన్ యువకుడు. ఆ మాట మన పిల్లలకు తప్పక చెప్పాలి.

అందుకే మన బడి పిల్లలకు మేము చెప్పేది ఇంతే. తోటి పిల్లవాడి మతాన్నో, రంగునో, పేరునో ఎవరైనా వెక్కిరిస్తే, అది మీ గురించి కాకపోయినా మాట్లాడండి. టీచరుకు చెప్పండి, ఇంట్లో చెప్పండి. వెక్కిరింపుకు గురైన పిల్లవాడి పక్కన భోజనానికి కూర్చోండి. విన్న వార్త నిజమో కాదో తెలుసుకోండి. తెలుసుకోవడానికి ఎంత సమయం తీసుకోవాలో, ఎప్పుడు ఇక ఆగకూడదో ఆలోచించండి. ఆ లెక్క ఎంత కష్టమో స్టీఫెన్ వైజ్ జీవితం చూస్తే తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వారాంతంలో పిల్లలతో కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. 1942 సెప్టెంబరులో ఆ తంతి మీ చేతికి వచ్చి ఉంటే మీరేం చేసేవారు? వాళ్ళ జవాబు తెలుగులో చెప్పమనండి. తడబడినా పర్వాలేదు, పూర్తిగా విని, ఆ తర్వాతే మీ జవాబు చెప్పండి.